చెల్కలో మెట్ట తాబేలు కనిపిస్తే: డోజర్ దించకముందే చేయాల్సిన పనులు

ఆరేళ్ళ కింద, ముసురు పట్టిన రోజుల్లో, మా ఊరి పక్కన వెంచర్ కోసం భూమి చదును చేస్తున్నారు. డోజర్ బలుసు పొదల్ని తోస్తుంటే నాలుగు తాబేళ్ళు బయటపడ్డాయి. డోజర్ నడిపే పిలగాడు మంచివాడు. మిషన్ ఆపి, దిగి, నాలుగింటినీ సిమెంటు సంచిలో వేసుకుని, పొద్దుగూకే వేళ చెరువులో వదిలి వచ్చాడు. "బతికిపోయినయ్ అన్నా" అన్నాడు. మంచి పని చేశావని నేనూ అన్నాను. రెండు రోజుల తర్వాత రెండు చిప్పలు తూము దగ్గర తేలాయి.

అవి మెట్ట తాబేళ్ళు. వాటికి ఈత రాదు. ఆ సంగతి ఆ పిలగాడికి తెలియదు, నాకూ తెలియదు. జాలితో చేసిన ఆ పని తాబేలుకు చావు, చట్టం దృష్టిలో నేరం కూడా. ఆ తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసర్లను, పశువుల డాక్టర్లను, ఒకరిద్దరు వకీళ్ళను అడిగి, చట్టం తెచ్చుకుని చదివి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. సాగర్ రోడ్డులో మాల్ దాటి దేవరకొండ దిక్కు పోయినా, శ్రీశైలం రోడ్డులో కల్వకుర్తి దిక్కు పోయినా, జడ్చర్ల చుట్టుపక్కల చూసినా బీళ్ళు, గుట్టల అంచులు వెంచర్లుగా, క్వారీలుగా, సోలార్ ప్లాంట్లుగా మారిపోతున్నాయి. అక్కడ భూమి ఉన్న రైతు, వెంచర్ చేసే యజమాని, సైట్ ఇంజనీర్, సర్పంచ్, జేసీబీ డ్రైవర్, వీళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

ఇప్పుడే మీ ముందు తాబేలు ఉంటే

మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు ఈ పనులు చేయండి.

మిషన్ ఆపండి. తాబేలు ఉన్నచోటు చుట్టూ కనీసం పది అడుగుల దాకా ఎవరూ తిరగకుండా రాళ్ళో తాడో గుర్తుగా పెట్టండి. దాన్ని ఎత్తకండి. మెట్ట తాబేలు భయపడితే మూత్రాశయంలో దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది. ఎండాకాలంలో దానికి ఆ నీళ్ళే ఆధారం. ఎత్తి అటూ ఇటూ తిప్పి ఫొటోలు దిగితే చాలు, దాని ప్రాణం మీదికి తెచ్చినట్టే.

పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. మీ బీట్ ఆఫీసర్‌కో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌కో ఫోన్ చేయండి. నంబరు లేకపోతే 112కు చేసి ఫారెస్టువాళ్ళకు చెప్పమనండి. వాళ్ళు వచ్చేదాకా ఒక మనిషిని అక్కడ కాపలా ఉంచండి. తాబేలు తనంతట తాను నడిచిపోతే పోనివ్వండి, ఏ దిక్కుకు పోయిందో రాసి పెట్టుకోండి.

అప్పటికే ఎవరో ఎత్తి డబ్బాలో పెట్టారనుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. ఏ విధంగానైనా చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ అధికారం ఉన్న అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. అది సెక్షన్ 39. ఆ 48 గంటలు మీ ఇష్టం వచ్చినట్టు ఉంచుకోవడానికి ఇచ్చిన గడువు కాదు, కాబట్టి గంటలోనే చెప్పేయండి. అంతదాకా గాలి ఆడే అట్టపెట్టెలో, నీడలో ఉంచండి. నీళ్ళలో వేయకండి, అన్నం పెట్టకండి.

అది ఏ తాబేలు?

మన వైపు తాంబేలు అంటే అన్నింటికీ ఒకటే పేరు. కానీ ఇక్కడ తేడా తెలియాలి.

నేను మెట్ట తాబేలు అంటున్నది నక్షత్ర తాబేలునే. దాని పెంకు గుమ్మటంలా ఎత్తుగా ఉంటుంది. నల్లటి పలకల మీద పసుపు చుక్క, దాని నుంచి కిరణాల్లా విచ్చుకున్న గీతలు. కాళ్ళు ఏనుగు కాళ్ళలా మొద్దుగా ఉంటాయి, వేళ్ళ మధ్య పొర ఉండదు. ఆడది మగదానికన్నా బాగా పెద్దది. పొదలు, గడ్డి, రాళ్ళు కలిసిన పొడి నేల దాని ఇల్లు. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు తింటుంది. వానలు పడగానే బయట తిరుగుతుంది, ఎండలు ముదిరితే పొద కింద, గడ్డి దుబ్బులో నక్కి ఉంటుంది. ఎండాకాలంలో సర్వే చేసి "ఏమీ లేవు" అని రాసే కాగితాలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

నీటి తాబేలు చదునుగా ఉంటుంది, పెంకు మీద తోలు కప్పినట్టు ఉంటుంది, వెనక కాళ్ళు లోపలికి లాక్కోగానే కింద మూతల్లాంటి పొరలు మూసుకుంటాయి. చెరువుల్లో, కుంటల్లో, వరి మళ్ళలో కనిపించేది ఎక్కువగా ఇదే. చెరువు ఎండితే బురదలో పూడుకుని వాన కోసం ఎదురుచూస్తుంది. కృష్ణ ఒడ్డున పెద్ద మెత్తటి పెంకు తాబేలు దొరికితే ఇంకా జాగ్రత్త పడాలి. కృష్ణలో ఉండే లీత్ మెత్తపెంకు తాబేలు అంతరించిపోయే ప్రమాదం అంచున ఉంది, 2022లో అంతర్జాతీయ వ్యాపార నిషేధ జాబితాలోకి కూడా ఎక్కింది.

ఏదో తేల్చుకోలేకపోతే మెట్ట తాబేలే అనుకుని, నీళ్ళకు దూరంగా ఉంచండి. తోలు పెంకు తాబేలును నీళ్ళు లేకుండా ఒక పూట నీడలో ఉంచినా బతుకుతుంది. మెట్ట తాబేలును చెరువులో వేస్తే బతకదు.

చట్టం ఏమంటోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దాన్ని 2022 డిసెంబరులో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నక్షత్ర తాబేలు నాలుగో షెడ్యూల్‌లో, అంటే చట్టం చివర ఉండే జాబితాల్లో నాలుగోదానిలో, ఉండేది. అక్కడ ఉంటే శిక్ష తక్కువ, పట్టించుకునేవాళ్ళూ తక్కువ. సవరణ తర్వాత ఒకటో షెడ్యూల్‌కు ఎక్కింది, అంటే పులి ఉన్న షెడ్యూల్‌కు. ఇది ముఖ్యం ఎందుకంటే ఇప్పటికీ కొన్ని ప్రాజెక్టు నివేదికల్లో పాత పట్టికను అలాగే దించి "నక్షత్ర తాబేలు, షెడ్యూల్ 4" అని రాస్తున్నారు. అలాంటి కాగితం మీ చేతికి వస్తే సంతకం పెట్టకండి, సరిచేయించండి. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందంలోనూ 2019లో దీన్ని అత్యంత కఠినమైన ఒకటో అనుబంధంలో చేర్చారు.

సెక్షన్ 9 ప్రకారం ఒకటి, రెండు షెడ్యూళ్ళలోని జంతువుల్ని వేటాడకూడదు. వేట అంటే బాణం, తుపాకీ అనుకుంటాం. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, తరమడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. పాకే జంతువుల విషయంలో గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూటిని గానీ కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. తాబేలు గూడు ఉందని తెలిసీ దాని మీద డోజర్ నడిపించడాన్ని ఈ మాటల వెలుగులోనే చూడాలి.

భూమి ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. పట్టా భూమైనా, బంచరాయి అయినా, శిఖమైనా రక్షణ జంతువుకు ఉంది, భూమికి కాదు. భూమి మార్పిడి చట్టం (నాలా) కింద వ్యవసాయేతర భూమిగా మార్చుకున్న ఉత్తర్వు, లేఅవుట్ అనుమతి, బిల్డింగ్ అనుమతి, ఇవేవీ తాబేలును ముట్టుకోవడానికి అనుమతి కావు.

శిక్ష ఇలా ఉంది: ఒకటో షెడ్యూల్ జంతువు విషయంలో కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. వాహనం, పనిముట్లు జప్తు చేసే అధికారం సెక్షన్ 50లో ఉంది. నేరం కంపెనీ పేరున జరిగితే సెక్షన్ 58 ప్రకారం ఆ పనికి బాధ్యుడిగా ఉన్న మనిషి జవాబు చెప్పాలి. సైట్ ఇంజనీర్లూ, "అది డ్రైవర్ తప్పు" అని తప్పుకునే వీలు అంత సులువుగా ఉండదు, గుర్తుంచుకోండి.

మొదటి అడుగు: డోజర్ కన్నా ముందు మనుషులు

భూమి చదును మొదలుపెట్టడానికి ముందు ఒక వానాకాలమైనా చేతిలో ఉండేలా చూసుకోండి. జూన్ తొలకరి నుంచి అక్టోబరు దాకా తాబేళ్ళు కదిలే కాలం. తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలు, సాయంత్రం ఎండ తగ్గాక చీకటి పడేదాకా వెతకడానికి మంచి సమయం. వాన వెలిసిన పొద్దుట అయితే ఇంకా మంచిది.

నలుగురైదుగురు వరుసగా, మనిషికీ మనిషికీ మధ్య ఐదు మీటర్ల ఎడంతో నడవాలి. పరుగు నడక కాదు, బలుసు, రేగు, తంగేడు పొదల కింద వంగి చూస్తూ, నాగజెముడు మొదళ్ళు, కిత్తనార గుబుర్లు, రాతి కుప్పల నీడలు చూస్తూ నడవాలి. అదే భూమిని వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు తిరగాలి. ఒక్కసారి తిరిగి ఏమీ కనపడలేదంటే ఏమీ లేవని కాదు.

ఈ పనికి అందరికన్నా పనికొచ్చేది గొర్ల కాపరులు. ఎక్కడ ఏ పొద కింద ఏముంటుందో వాళ్ళకు తెలిసినట్టు ఏ కన్సల్టెంటుకూ తెలియదు. వాళ్ళను పిలిచి, కూలి ఇచ్చి, వాళ్ళ మాటను నివేదికలో రాయండి. ఇంత అవసరమైన మనుషుల్ని సర్వేల్లో పక్కన పెట్టేయడం నాకు బాధగా ఉంటుంది.

ప్రతి తాబేలుకూ తేదీ, వేళ, ఫోన్‌లో చూపించే స్థానం, పెంకు పొడవు కంటి అంచనా, చుట్టూ ఉన్న మొక్కలు రాయండి. పెంకు మీద గీతలు ఒకదానివి ఇంకోదానిలా ఉండవు కాబట్టి పై ఫొటోతోనే ఒక్కోదాన్ని గుర్తుపట్టొచ్చు. కింది వైపు ఫొటో కోసం తిరగేయొద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. నక్షత్ర తాబేలు దొంగ వ్యాపారంలో ఎక్కువగా తరలిపోయే జంతువుల్లో ఒకటి. దేశంలో ఒక్క చోటినుంచే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్ళను పట్టుకుపోతున్నారని 2015లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఊరి పేరుతో ఫొటో పెడితే వాళ్ళకు మీరే దారి చూపినట్టు.

రెండో అడుగు: మీ పనికి పర్యావరణ అనుమతి కావాలా?

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చూసుకోండి. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే అనుమతి కావాలి. టౌన్‌షిప్ 50 హెక్టార్లు, అంటే సుమారు 123 ఎకరాలు దాటినా, కట్టడం 1,50,000 చదరపు మీటర్లు దాటినా ఇంకా వివరంగా చూస్తారు. గనులు, క్వారీలు కూడా ఇందులోకి వస్తాయి. సోలార్ ప్లాంట్లకు ఈ అనుమతి అక్కర్లేదు, చిన్న లేఅవుట్లకూ అక్కర్లేదు. కానీ అది అక్కర్లేనంత మాత్రాన సెక్షన్ 9 పోదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకునేవాళ్ళే ఎక్కువ.

క్వారీకి ప్రభావ మదింపు చేసేటప్పుడు చుట్టూ 10 కిలోమీటర్ల లోపల జీవజాతుల జాబితా ఇవ్వాలి. అందులో ఒకటో షెడ్యూల్ జంతువు ఉంటే రాష్ట్ర అటవీ శాఖను సంప్రదించి, డబ్బు కేటాయింపుతో సహా రక్షణ ప్రణాళిక రాయాలి. జాబితాలో తాబేలు పేరు రాసి, ప్రణాళికలో "ఉద్యోగులకు అవగాహన కల్పిస్తాం" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన కాగితాలు నేను చూశాను. ఎంత భూమి వదులుతారు, ఎవరు చూసుకుంటారు, ఏటా ఎంత ఖర్చు, ఎన్నేళ్ళు అన్నవి అంకెల్లో లేకపోతే అది ప్రణాళిక కాదు.

ఊరివాళ్ళకు ఇక్కడ ఒక అవకాశం ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, తెలుగులో సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో దొరకాలి. తీసుకుని చదవండి, మీ దగ్గరున్న ఫొటోలు, తేదీలు రాతపూర్వకంగా ఇవ్వండి. సభలో నోటితో చెప్పిన మాట గాలిలో కలిసిపోవచ్చు, ముద్ర వేయించుకున్న కాగితం ఫైల్లో ఉంటుంది. అయితే టౌన్‌షిప్‌లకు, బిల్డింగులకు ఈ సభ ఉండదు. అక్కడ పర్యావరణ అనుమతి ఇచ్చే రాష్ట్ర స్థాయి సంస్థకు నేరుగా రాయాల్సిందే.

భూమి అటవీ భూమి అయితే 1980 అటవీ సంరక్షణ చట్టం (2023లో పేరు మారింది) కింద అది వేరే దారి. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనైతే మొదటిరోజే డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు వెళ్ళండి.

మూడో అడుగు: రాతపూర్వకంగా తెలియజేయడం

ఫోన్ చేసినా సరే, అదే రోజు కాగితం ఇవ్వండి. ఇలా రాస్తే సరిపోతుంది:

*గౌరవనీయులైన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ గారికి,*

*విషయం: …… మండలం, …… గ్రామ శివారు, సర్వే నం. ……లో నక్షత్ర తాబేళ్ళు ఉన్నట్టు తెలియజేయడం గురించి.*

*అయ్యా/అమ్మా, పై భూమిలో …… తేదీన, …… గంటలకు …… తాబేళ్ళను చూశాము. ఫొటోలు, స్థానం వివరాలు జతచేస్తున్నాము. వీటిని మేము పట్టుకోలేదు, కదిలించలేదు. ఈ భూమిలో …… పని …… తేదీ నుంచి మొదలు కావాల్సి ఉంది. తాబేళ్ళున్న భాగంలో పని నిలిపివేశాము. మీరు స్థలాన్ని చూసి, ఏం చేయాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు.*

*జత: ఫొటోలు, పటం, పట్టాదారు పాసుపుస్తకం నకలు.*

నకలు డీఎఫ్‌వోకు, ఇంకో నకలు హైదరాబాద్ అరణ్య భవన్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి రిజిస్టర్ పోస్టులో పంపండి. మీ నకలు మీద ముద్ర, తేదీ, సంతకం తీసుకోవడం మర్చిపోకండి. రేపు ఎవరైనా మీ మీద కేసు పెడితే మీకు అండగా నిలిచేది ఈ కాగితమే.

నాలుగో అడుగు: అసలు తరలించాలా?

మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది అడగరు. తాబేలును తీసుకెళ్ళి "అడవిలో వదిలేస్తే" పని అయిపోయినట్టు అనుకుంటారు. దాని చుట్టుపక్కల ఏ పొద కింద నీడ ఉంటుంది, ఏ పల్లంలో వాననీళ్ళు నిలుస్తాయి అన్నది ఏళ్ళ తరబడి అది నేర్చుకున్న చదువు. కొత్తచోట దింపగానే పాత చోటు వెతుక్కుంటూ నడక మొదలుపెడుతుంది. ఆ నడకలోనే రోడ్డు మీద నలిగిపోతుంది, కుక్కల పాలవుతుంది, మనుషుల సంచుల్లో పడుతుంది.

అందుకే ముందు భూమిలోనే చోటు చూడండి. లేఅవుట్‌లో ఎలాగూ ఖాళీ స్థలం, పచ్చదనం కోసం భూమి వదలాలి. దాన్ని మధ్యలో పార్కుగా కాకుండా, గుట్ట అంచున, తాబేళ్ళున్న పొదలు కలిపి ఒకే ముక్కగా వదిలితే సగం సమస్య తీరుతుంది. అక్కడ లాన్ గడ్డి వేయకండి, ఉన్న పొదల్ని ఉండనివ్వండి. ఆ వైపు ప్రహరీకి బదులు కింద జానెడు సందు వదిలిన తీగ కంచె వేయండి. సోలార్ ప్లాంట్‌లో అయితే ఇది ఇంకా సులువు, పలకల కింద గడ్డి పెరగనిచ్చి, కంచె కింద సందు ఉంచితే చాలా వరకు అవి అక్కడే బతుకుతాయి. కందకాలు తవ్వితే ఒక వైపు వాలుగా ఉంచండి, రాత్రి పడినవి ఎక్కి రావాలి.

ప్లాటు ధర లెక్కలో అర ఎకరం పెద్దదే, నాకు తెలుసు. అయినా పది తాబేళ్ళ తరలింపుకు అయ్యే ఖర్చు, ఆలస్యం, డాక్టరు ఫీజులు, ఏళ్ళ పర్యవేక్షణ అన్నీ లెక్క వేస్తే అర ఎకరం వదలడమే మేలని ఒక వెంచర్ యజమానికి నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఐదో అడుగు: తరలింపు అనుమతి, సెక్షన్ 12

మరో దారి లేదని తేలాకే ఇది. సెక్షన్ 12లోని (బీబీ) క్లాజు "శాస్త్రీయ నిర్వహణ" కోసం అనుమతి ఇవ్వొచ్చంటుంది. ఆ మాటకు చట్టమే అర్థం చెప్పింది: అడవి జంతువుల్ని అనువైన ప్రత్యామ్నాయ ఆవాసానికి తరలించడం, లేదా చంపకుండా, విషం పెట్టకుండా వాటి సంఖ్యను నిర్వహించడం. చట్టం భాషలో ఇది కూడా "వేటాడేందుకు" ఇచ్చే అనుమతే. కాపాడడానికి పట్టుకున్నా అది పట్టుకోవడమే కదా, అందుకే ఆ మాట.

అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, కారణాలు చూపుతూ రాతపూర్వక ఉత్తర్వుగా. కానీ ఒకటో షెడ్యూల్ జంతువుకైతే ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అంటే ఫైలు రేంజ్ నుంచి డీఎఫ్‌వోకు, అక్కడినుంచి అరణ్య భవన్‌కు, అక్కడినుంచి ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వ శాఖకు వెళ్ళాలి. డీఎఫ్‌వో గానీ, రేంజ్ ఆఫీసర్ గానీ, కలెక్టర్ గానీ నోటి మాటతో "తీసుకెళ్ళి అడవిలో వదిలేయండి" అంటే అది అనుమతి కాదు. అన్నవాళ్ళు మంచి ఉద్దేశంతోనే అనవచ్చు, ఇబ్బంది పడేది మీరు.

దరఖాస్తు నమూనా డీఎఫ్‌వో ఆఫీసులో అడిగి తీసుకోండి. దాంతోపాటు ఇవి సిద్ధంగా ఉంటే ఫైలు వెనక్కి తిరిగి రాదు:

- సర్వే నివేదిక: ఎన్నిసార్లు, ఏ తేదీల్లో, ఎవరు, ఎన్ని చూశారు
- భూమిలోనే ఉంచడం ఎందుకు కుదరదో వివరం, ప్రయత్నించిన మార్పుల పటాలతో
- పట్టే పద్ధతి, పట్టే మనుషులు, పశువైద్యుడి పేరు, ఒప్పుకోలు
- వదిలే చోటు పటం, అక్కడి మొక్కలు, నీరు, ఇప్పటికే ఉన్న తాబేళ్ళు, ఆ భూమి ఎవరిది, వాళ్ళ రాతపూర్వక ఒప్పుకోలు
- తర్వాత కనీసం రెండేళ్ళ పర్యవేక్షణ, దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో

అమెరికాలోని ఫ్లోరిడాలో గోఫర్ తాబేళ్ళ తరలింపుకు ఒక తయారైన అనుమతి పద్ధతే ఉంది. అక్కడ బొరియకు 25 అడుగుల లోపల పని చేయాలంటే అనుమతి తీసుకోవాలి, శిక్షణ పొంది గుర్తింపు ఉన్నవాళ్ళే పట్టాలి. ఒకప్పుడు రుసుము కట్టించుకుని తాబేళ్ళను బొరియల్లోనే పూడ్చేయడానికి అనుమతిచ్చేవాళ్ళు, 2007 జులై 31తో అది ఆపేశారు. మనకు అలాంటి ప్రత్యేక పద్ధతి లేదు. అందుకే ఇక్కడ ప్రతి ఫైలూ మొదటి ఫైలులా నడుస్తుంది, అందుకే ఓపిక కావాలి. పని మొదలయ్యే తేదీకి ఏడాది ముందే మొదలుపెట్టమని నా సలహా.

ఆరో అడుగు: పట్టడం, మోయడం, వదలడం

అనుమతి చేతికి వచ్చాక కూడా అటవీ సిబ్బంది ఎదుటే ఈ పని జరగాలి, పంచనామా రాయించాలి. తొలకరి పడిన తర్వాత, మేత పచ్చగా ఉన్న రోజుల్లో చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో తరలించడమంటే చంపడమే.

రెండు చేతులతో, నేలకు సమంగా ఎత్తాలి, తిరగేయకూడదు. ఒక్కో తాబేలుకు ఒక్కో పెట్టె, అడుగున ఎండుగడ్డి, పక్కన రంధ్రాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, డీజిల్ డబ్బాల పక్కన పెట్టకూడదు. ఒక తాబేలును ముట్టాక చేతి తొడుగులు మార్చాలి, జబ్బులు ఒకదానినుంచి ఒకదానికి అంటుకుంటాయి. ముక్కునుంచి నీరు కారుతుంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వేరుగా ఉంచి డాక్టరుకు చూపించాలి. శ్వాసకోశ జబ్బు ఒక్క తాబేలుతో వెళ్ళి కొత్తచోటున్న వాటన్నింటినీ పట్టుకుంటుంది. రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీలో గానీ, హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో గానీ పనిచేసిన వైద్యులు దొరికితే మంచిది.

వాహనంలో తీసుకెళ్ళేటప్పుడు అనుమతి పత్రం అసలు ప్రతి దగ్గరుంచుకోండి. అది చూడకుండా ఎక్కించుకున్న వాహనం వాళ్ళూ సెక్షన్ 48ఏ కింద ఇరుక్కుంటారు.

వదిలే చోటు దట్టమైన నల్లమల అడవి కాకూడదు. "అడవి కదా, బతుకుతుంది" అనుకోవద్దు. ఇది పొదల నేల జంతువు, దానికి అలాంటి నేలే కావాలి, వీలైనంత దగ్గరలో. దూరం తీసుకెళ్ళకూడదనడానికి ఇంకో కారణం ఉంది. వేర్వేరు ప్రాంతాల నక్షత్ర తాబేళ్ళ వంశాల్లో తేడాలుంటాయి, కలిపేస్తే ఆ తేడాలు చెదిరిపోతాయి. దొంగ వ్యాపారుల దగ్గర జప్తు చేసినవి ఏ ప్రాంతానివో తెలియక అధికారులు పడే అవస్థ ఇదే. అవసరమైతే వంశ పరీక్షకు హైదరాబాద్‌లోనే అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ వన్యప్రాణి పరిశోధన కేంద్రం లాకోన్స్ ఉంది.

దింపి వచ్చేయకూడదు. కొత్తచోట పొదలు కలిపి కంచె కట్టి, అందులో కొన్ని నెలలు ఉంచాలి. మయన్మార్‌లో దీని దగ్గరి చుట్టమైన బర్మా నక్షత్ర తాబేలును తిరిగి అడవిలోకి వదిలేటప్పుడు ఇలాగే నెలల తరబడి ఆవరణలో అలవాటు చేశారు. ఆ చోటు తమదని అలవాటయ్యాక కంచె తీసేయాలి. తర్వాత రెండు వానాకాలాలు పెంకు ఫొటోలతో పోల్చి చూస్తూ లెక్క పెట్టాలి.

గుడ్లు దొరికితే

నక్షత్ర తాబేలు గుంత తీసి, కొన్ని గుడ్లు పెట్టి, మూత్రంతో తడిసిన మట్టితో పూడ్చేస్తుంది. పొదగడానికి 47 రోజులు పట్టొచ్చు, 257 రోజులూ పట్టొచ్చు, అది వేడి, తేమల మీద ఆధారపడి ఉంటుంది. తవ్వకంలో గూడు బయటపడితే మట్టి తిరిగి కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి, ఫారెస్టువాళ్ళకు చెప్పండి. గుడ్డును తిప్పకూడదు. లోపల పిండం ఒక వైపు అంటుకుని ఉంటుంది, తిప్పితే చనిపోతుంది. నెలలు ఆగాల్సి వస్తే ఆ ముక్కను ఆఖరున పనికి పెట్టుకోండి.

చెరువు పనుల్లో

పూడిక తీసేటప్పుడు, కట్ట వెడల్పు చేసేటప్పుడు నీటి తాబేళ్ళు బురదలోంచి బయటపడతాయి. ఇవి కూడా ఒకటో షెడ్యూల్‌వే, కాబట్టి అదే చట్టం. పని మొదలయ్యే ముందే నీటిపారుదల శాఖ ఏఈకి, ఫారెస్ట్ రేంజ్‌కు ఒకే ఉత్తరంలో చెప్పండి. తూము పక్క లోతు భాగాన్ని చివరిదాకా ముట్టకుండా ఉంచమనండి, బయటపడ్డవి తామే అటు చేరతాయి. జేసీబీ బకెట్ ఎత్తిన ప్రతిసారీ మట్టిని ట్రాలీలో పోసే ముందు చూడడానికి ఒక మనిషిని పెట్టండి. ట్రాలీ ఎక్కిన తాబేలు చివరికి ఎవరి చెల్కలోనో రెండు మీటర్ల మట్టి కింద ఉంటుంది.

ఎవరూ వినకపోతే

ముద్ర వేయించుకున్న కాగితం నకలుతో డీఎఫ్‌వోకు, జిల్లా ఎస్పీకి, కేంద్ర వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకు ఫిర్యాదు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే సెక్షన్ 55 ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడే నేరుగా మెజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయొచ్చు. డోజర్ నడుస్తున్నప్పుడు 60 రోజులు ఆగలేం కాబట్టి, వకీలుతో మాట్లాడి హైకోర్టులో రిట్ వేయడం ఒక దారి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టే స్వయంగా ఆపింది, ఆ తర్వాత అక్కడి వన్యప్రాణుల్ని కాపాడే చర్యలు చూడమని వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు చెప్పింది.

చాలామంది వెంటనే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ పేరు చెబుతారు. అక్కడ ఒక చిక్కు ఉంది. ట్రిబ్యునల్ విచారించే చట్టాల జాబితాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం లేదు. తాబేలును పట్టారన్న నేరం అక్కడికి వెళ్ళదు. పర్యావరణ అనుమతి తప్పుగా ఇచ్చారనో, అనుమతిలోని షరతులు పాటించడం లేదనో అయితే వెళ్ళొచ్చు. అనుమతి మీద అప్పీలుకు గడువు 30 రోజులే, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు. అందుకే ప్రాజెక్టు అనుమతి ఉత్తర్వు వచ్చిన తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆ తేదీ నుంచి వారంలోపే కాగితాలన్నీ వకీలు చేతికి అందేలా చూసుకోండి.